సభ్యురాలికి మాత్రమే

నేను పనిచేసే చోట నన్ను డిగ్రీలమ్మ అంటారు. నిజానికి నేను డిగ్రీ పాసైన పాపాన పోలేదు. రెండేళ్ళు కాలేజీకి వెళ్ళి, మూడో ఏడు ఎగ్గొట్టి, కొన్నేళ్ళు ఆ పనీ ఈ పనీ చేసి, ఈ కోల్డ్ స్టోరేజీలో చేరాను. ఇక్కడ నా పని డిగ్రీలు చూడటం. ఆ పేరు అలా వచ్చింది.

మాకు ఎనిమిది గదులున్నాయి. చేపల గది మైనస్ పద్దెనిమిది, ఐస్‌క్రీమ్ గది అంతకంటే తక్కువ, మందుల గది రెండుకీ ఎనిమిదికీ మధ్య. ప్రతి తలుపు పక్కనా గోడకి ఒక అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పులో ఒక షీటు ఉంటాయి. రెండు గంటలకోసారి దళసరి కోటు తొడుక్కుని లోపలికి వెళ్ళి, మీటరు చూసి, అంకె వేసి, పక్కన సంతకం పెట్టాలి. ఇదీ ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు. కానీ పన్నెండేళ్ళలో ఈ పని నాకొక విద్య నేర్పింది. షీటు చూస్తే అబద్ధం తెలిసిపోతుంది. చల్లదనం ఎప్పుడూ ఒకే అంకె మీద కూర్చోదు. మిషను తన మీది మంచు తానే కరిగించుకునే వేళ మూడు నాలుగు డిగ్రీలు పైకి పోతుంది. లారీ వచ్చి తలుపు తెరిస్తే ఇంకాస్త పోతుంది, మళ్ళీ దిగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది అని ఉందంటే, ఎవరో క్యాంటీనులో టీ తాగుతూ ఒక్క ఊపులో నింపేశారన్నమాట. అలా ఇప్పటికి ముగ్గుర్ని పట్టుకున్నాను. ఆ ముగ్గురూ నాతో మాట్లాడరు.

ఈ విద్యని గేటు దగ్గర వదిలేసి ఇంటికి రావడం మాత్రం నాకు చేతకాలేదు. ఒకతనితో నాలుగేళ్ళు స్నేహం చేశాను. పెళ్ళిదాకా వచ్చింది. ఎప్పుడు ఫోను చేసినా "ఆఫీసులో ఉన్నా" అనేవాడు, ఎప్పుడూ అదే గొంతు, అవే రెండు మాటలు. నాకు షీటు గుర్తొచ్చింది. ఒకరోజు అతను స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను తీసి చూశాను. అందులో ఏమీ లేదు. పాపం నిజంగానే ఆఫీసులో ఉండేవాడు. నేను చూడటం మాత్రం అతను చూశాడు. వారం తిరక్కుండా వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు ముప్పై మూడు, ఇప్పుడు ముప్పై ఏడు.

నోటీసు బోర్డు మీద ఆ కాయితం అంటించింది ఈ ఏడాది మొదట్లో. ఆడ ఉద్యోగులు ముందుముందు బిడ్డని కనడానికి అండాలు తీయించి, గడ్డకట్టించి భద్రపరచుకోవాలనుకుంటే ఖర్చు కంపెనీదేనట. ప్యాకింగు సెక్షన్‌లో పెద్దావిడ కళ్ళద్దాలు పైకి నెట్టి చదివి, "చేపల గదిలో మాత్రం పెట్టకండమ్మా, వాసనొస్తుంది" అంది. అందరం పడీపడీ నవ్వాం. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే ఆ కాయితానికి ఫోటో తీసుకున్నాను.

నాకు బిడ్డ కావాలి. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. అన్నవెంటనే "ఎవరితో, ఎలా, ఎప్పుడు" అని మొదలుపెడతారు. ఆ మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. కావాలన్నది మాత్రం ఉంది. సొంత డబ్బుతో ఆ పని చేయించుకోవాలంటే నా జీతం సరిపోదని ఎప్పుడో కనుక్కుని ఊరుకున్నాను. ఇప్పుడు అడక్కుండానే ఇస్తామంటున్నారు. క్యాంటీను టీలో పాలు సగానికి తగ్గించిన కంపెనీ ఇది. ఏ గూడుపుఠాణీ లేకుండా ఇంత ధారాళంగా ఇస్తుందంటే నేను నమ్ముతానా?

మా హెచ్ఆర్ అమ్మాయికి నేను పెట్టుకున్న పేరు తేనెగొంతు. జీతం కోత గురించి చెప్పినా పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినట్టే ఉంటుంది. ఆమె ముందు కూర్చుని సూటిగా అడిగాను.

"ఎందుకిస్తున్నారు?"

"మన ఉద్యోగుల సంక్షేమం కోసమండీ."

"ఎందుకిస్తున్నారు?"

"మహిళలకి ఒక ఎంపిక ఉండాలని..."

"అమ్మా, నేను డిగ్రీలమ్మని. నా దగ్గర ఈ పప్పులుడకవు. ఎందుకిస్తున్నారు?"

తేనెగొంతు తలుపు వైపు చూసింది. గొంతులో తేనె కాస్త పలచబడింది. "మన కంపెనీని కొన్నవాళ్ళ మిగతా కంపెనీలన్నిట్లో ఈ పథకం ఉందండీ. ఇక్కడొక్కచోట లేకపోతే బాగోదని పెట్టారు. ఆడవాళ్ళం పందొమ్మిది మందిమి, సగం మంది నలభై దాటారు. ఇక్కడెవరూ వాడరని ధైర్యం."

"వాడితే?"

"వాడితే ఇవ్వాల్సిందే."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడరని తెలిసి పెట్టారా! అక్కడికక్కడే ఫారం అడిగాను. ఇంటికి తెచ్చుకుని పద్నాలుగు పేజీలూ కళ్ళల్లో వత్తులేసుకుని చదివాను. ఒక్కసారికి మాత్రమే ఇస్తారు. ఈ ఏడాదిలోపే చేయించుకోవాలి. వాళ్ళు చెప్పిన మూడు ఆస్పత్రుల్లోనే చేయించుకోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దాచినందుకయ్యే అద్దె వాళ్ళు కడతారు, మానేస్తే నేను కట్టుకోవాలి. అంటే నన్ను మందుల గదికి గొలుసేసి కట్టేస్తారు. ఆ గొలుసు కనిపించాక నాకు కొంత నిమ్మళించింది. కనిపించే గొలుసుతో నాకు పేచీ లేదు.

అక్కకి చెప్పాను. నాకున్నది అక్క ఒక్కతే. నాకంటే ఆరేళ్ళు పెద్దది. బావకి కళ్ళద్దాల దుకాణం ఉంది. అక్క కూడా అక్కడే కూర్చుని ఫ్రేములకి మరలు బిగిస్తుంది. వాళ్ళకి పిల్లల్లేరు. "మాకు మేమే చాలు" అంటుంది అక్క, ఎవరడిగినా.

ఆ రోజు ఫోనులో అక్క ఆ మూడు ఆస్పత్రుల పేర్లూ అడిగి తెలుసుకుంది. తర్వాత, "చేయించుకో. రేపే వెళ్ళు" అంది.

"చూద్దాంలే, ఇంకా..."

"చూసేదేంటే! ఊరికే వస్తుంటే చూసేదేంటి? ఆ మూడిట్లో కాలవ పక్కనున్న ఆస్పత్రికి వెళ్ళు. అది మంచిది."

"నీకెలా తెలుసు?"

"దుకాణానికొచ్చే ఒకావిడ చెల్లెలు వెళ్ళిందటలే."

అప్పట్నుంచి రోజూ ఫోనే. ఫారం నింపావా, సంతకం పెట్టావా, రక్తపరీక్ష ఎప్పుడు, రిపోర్టు వచ్చిందా అంటూ చెవిలో జోరీగలా వెంటపడింది. నా పెళ్ళి విషయంలో కూడా అక్క ఇంత తొందర చూపించలేదు. కంపెనీ మీదున్న అనుమానం కాస్త కాస్తగా అక్క మీదికి జరగడం నాకే తెలుస్తోంది. సొంత అక్కని అనుమానించడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే గమనించడం మొదలుపెట్టాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చూసి నాన్చకుండా చెప్పింది. "మీ వయసుకి ఉండాల్సినదానికంటే తక్కువున్నాయి. రెండేళ్ళు ఆగితే ఇవీ ఉంటాయని చెప్పలేను." ఆ మాట నచ్చకపోయినా, మనిషి మాత్రం నచ్చింది. అయినా దాచే చోటు చూడందే సంతకం పెట్టనన్నాను.

ల్యాబులో ఉండే ఆయన నన్ను అద్దాల గదిదాకా తీసుకెళ్ళాడు. పాలక్యానుకి పెద్దన్నలాంటి ట్యాంకులు నాలుగు వరసగా ఉన్నాయి. లోపల మైనస్ నూట తొంభై ఆరట! నా గదుల మీద నాకున్న గర్వం అక్కడే దిగిపోయింది.

"కరెంటు పోతే?"

"దీనికి కరెంటుతో పని లేదండీ. లిక్విడ్ నైట్రోజన్ పోస్తాం. అది కొంచెం కొంచెం ఆవిరవుతుంది. రోజూ కర్రతో లోతు కొలిచి, తగ్గితే మళ్ళీ పోస్తాం."

"ఆ కొలతలు రాసిన షీటు చూపించండి."

ఆయన నావైపు వింతగా చూశాడు. "బిడ్డ పుట్టే అవకాశం ఎంత అని అడుగుతారు గానీ, షీటు ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అంటూ తెచ్చిచ్చాడు. చదివాను. అంకెలు పైకీ కిందికీ ఉన్నాయి. పెన్నులు మారాయి. ఒకచోట తప్పు అంకె కొట్టేసి, పక్కన పొడి సంతకం ఉంది. ఒక ఆదివారం ఎదురుగా, "గంట ఆలస్యంగా కొలిచాను, బస్సు రాలేదు" అని చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఆ ముక్క చదివాక నా ప్రాణం కుదుటపడింది. ఆలస్యాన్ని రాసుకున్నవాడు అబద్ధం రాయడు. సంతకాలన్నీ పెట్టేశాను.

ఇక మిగిలింది రిసెప్షన్‌లో వివరాలివ్వడం. అత్యవసరమైతే ఎవరికి ఫోను చేయాలంటే అక్క నెంబరు చెప్పాను. అక్కడ కూర్చున్న అమ్మాయి టకటకా కొట్టి, "ఈ నెంబరు మీద మన దగ్గర ముందే ఒక ఫైలుందండీ" అంది. అని, తెర వైపు చూసి, నా వైపు చూసి, తెరని కాస్త అటు తిప్పేసుకుంది.

"ఎవరి ఫైలు?"

"అబ్బే, సిస్టమ్ ఒక్కోసారి అలా చూపిస్తుందండీ" అని నీళ్ళు నమిలింది.

దుకాణానికొచ్చే ఒకావిడ చెల్లెలట! ఇంటికొచ్చేదాకా నా ఆలోచన బస్సుకంటే వేగంగా పరిగెత్తింది. అక్క ఈ ఆస్పత్రికి వచ్చింది. వచ్చినట్టు నాకు చెప్పలేదు. అక్కకి నలభై మూడు. ఆ వయసులో సొంత అండాలతో కాకపోతే ఇంకొకరి అండాలతో అవుతుందని ఆస్పత్రి గోడమీద బొమ్మలతో సహా రాసి ఉంది. అక్కకి కంపెనీ లేదు, పథకం లేదు. నాకు ఉంది. తీయించే ఖర్చు నా కంపెనీది, నొప్పి నాది. ఆపైన ఏం జరగాలో అక్క ముందే అనుకుని ఉంటుంది. ముక్కకి ముక్క అతికినట్టు సరిపోయింది. నేను ఏడవలేదు. పట్టుకున్నానన్న తృప్తి కూడా కలిగింది, సిగ్గులేకుండా.

అయినా పైకి కిమ్మనలేదు. అట్టమీద షీటు పూర్తిగా నిండేదాకా ఆగడం నాకు అలవాటు.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పది పన్నెండు రోజులు, ప్రతి సాయంత్రం సరిగ్గా ఏడింటికి పొట్టలో పొడుచుకోవాలి. నాకు సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. "మా ఇంటికి రా, నేనిస్తాను" అంది అక్క. వెళ్ళాను. మందు ఫ్రిజ్‌లోంచి పావుగంట ముందే తీసి పెట్టింది. చర్మం మీద ఐసుముక్క ఆనించింది. బొడ్డుకి రెండు వేళ్ళు పక్కన కండ పట్టుకుని, సూది దించి, మందు నెట్టి, సూది అలాగే ఉంచి పదిదాకా లెక్కపెట్టి తీసింది. నాకు చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇంత బాగా?"

"ఫోనులో చూశా" అంది, దూది పారేస్తూ.

రెండోరోజు అడిగినా "ఫోనులో చూశా." నాలుగోరోజు వేరేలా అడిగాను, "నర్సుగా చేరచ్చు నువ్వు, ఎవరు నేర్పారు?" అని. "ఫోనులో చూశానని చెప్పాగా." అవే రెండు మాటలు, అదే గొంతు.

ఆరో రోజు సాయంత్రం ఏడుకి పది నిమిషాలుంది. బావ దుకాణంలో ఉన్నాడు. అక్క సిరంజి పైకెత్తి గాలి బుడగ తీస్తోంది. ఆ పనితనం చూస్తుంటే ఇన్నాళ్ళుగా దాచిపెట్టినదంతా ఒక్కసారి నోటికొచ్చేసింది.

"నా అండాలు నీకు కావాలి కదక్కా?"

అక్కకి అర్థం కాలేదు. "ఏంటే?"

"నాటకాలొద్దు. ఆ ఆస్పత్రిలో నీ ఫైలుంది. నాకు తెలుసు. నీకెలాగూ కాదన్నారు, కొనుక్కోవడానికి డబ్బుల్లేవు. నాకు కంపెనీ ఇస్తోంది కాబట్టి నన్ను పంపించావు. తీశాక మెల్లగా అడుగుదామనుకున్నావు. అందుకే కదా రోజూ ఫోన్లు, అందుకే కదా ఈ సేవలు!"

అక్క సిరంజి పళ్ళెంలో పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ముఖంలో కోపం లేదు. కోపం వచ్చి ఉంటే నాకు ఎంతో బాగుండేది.

"ఎనిమిదేళ్ళయింది" అంది. "ఒక్కసారి చేయించుకున్నాం. అప్పుడు మన దుకాణం రెండు గదులు గుర్తుందా? ఒక గది అమ్మేసింది అందుకే. ఇవే సూదులు. నాకు నేనే పొడుచుకునేదాన్ని, మీ బావ చూడలేక బయటికి వెళ్ళిపోయేవాడు. నిలవలేదు. ఇంకోసారి చేస్తే అవ్వచ్చంది డాక్టరమ్మ. ఇంకోసారికి అమ్మడానికి ఇంకో గది లేదు."

"మరి మాకు మేమే చాలు అనేదానివి..."

"ఏం చెప్పమంటావే? కొనలేకపోయాం అనడం కంటే వద్దనుకున్నాం అనడం తేలిక. వద్దనుకున్నామంటే పొగరనుకుంటారు, అంతే. కొనలేకపోయామంటే జాలిపడతారు."

ఎనిమిదేళ్ళు ఒకే మాట, ఒకే గొంతు, ఒకే నవ్వు. ఊరందరి షీట్లూ తిరగేసే నేను నా పక్కనున్న షీటు చదవలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. ఏదో అనబోయాను.

"నీకు ఊరికే వస్తుంటే సంతోషమేసింది" అంది అక్క. "నాకు దొరకనిది నీకు దొరుకుతోంది, నువ్వు ఊరికే అనుమానాలతో పోగొట్టుకుంటావేమోనని వెంటపడ్డాను. అంతకంటే ఏం లేదు. అసలు నీ... అలా కూడా చేస్తారా?" అని ఆగిపోయింది. గోడ గడియారం వైపు చూసి లేచింది. "ఏడయింది. చొక్కా పైకెత్తు."

ఎత్తాను. ఆ రోజు కూడా నొప్పి లేకుండానే చేసింది. నేను క్షమించమన్నాను. "పిచ్చిదానా" అంది, అంతే. మిగిలిన రోజులన్నీ ఠంచనుగా ఏడింటికి సూది సిద్ధంగా ఉండేది.

అండాలు తీసిన రోజు అక్కే నా వెంట వచ్చింది. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి నా బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. డాక్టరమ్మ వచ్చి తొమ్మిది తీశామనీ, ఏడు పనికొస్తాయనీ చెప్పింది. "ఏడుంటే ఒక బిడ్డ మీద ఆశ పెట్టుకోవచ్చు. హామీ మాత్రం ఇవ్వలేను" అంది. అక్క "ఏడు, ఏడు" అంటూ నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఊపింది. దారి పొడవునా కబుర్లు చెప్పి, ఇంట్లో పడుకోబెట్టి వెళ్ళింది.

తర్వాత వారం రోజులు ఫోను లేదు. రోజుకి నాలుగుసార్లు చేసే మనిషి! నేను చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసింది. మళ్ళీ అనుమానం పురుగు తొలచడం మొదలుపెట్టింది. ఈసారి ఆ పురుగుని నేనే నొక్కేశాను. ఒకసారి అయిన అవమానం చాలనుకున్నాను.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం భోజనాల వేళ గేటు దగ్గర్నుంచి కబురొచ్చింది, మీ అక్క వచ్చిందని. పన్నెండేళ్ళలో అక్క ఎప్పుడూ నా పనిచోటుకి రాలేదు. కోటుతోనే పరిగెత్తాను. లారీలు ఆగేచోట, గోడ నీడలో నిలబడి ఉంది. కళ్ళకింద నల్లగా ఉంది.

"బావకేమైనా అయిందా?"

"లేదు లేదు. నిన్నొక మాట అడుగుదామని వచ్చాను. ఇంట్లో అడగలేకపోయాను." చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "ఆ రోజు నువ్వు అన్నావే, ఆ మాట. ఒట్టేసి చెప్తున్నా, అప్పటిదాకా నా బుర్రలోకి రాలేదు. బయటివాళ్ళవి తీసుకుంటే అవుతుందన్నారు గానీ, అప్పుడు దానికీ డబ్బులు లేవు, మనసూ ఒప్పలేదు. చెల్లెలిది అనేది నాకు తట్టనే లేదు. నువ్వన్నాక మర్చిపోదామనుకున్నాను. పోవట్లేదే. రోజూ అదే. నీ ముక్కు, నీ కోపం ఉన్న పిల్ల ఒకటి దుకాణంలో తిరుగుతున్నట్టు..."

మాట పూర్తిచేయలేదు. నేను అక్క ముఖంలోకి చూశాను. నా విద్యంతా ఉపయోగించి చూశాను. ఎక్కడైనా ఒక అబద్ధం, ఒక ఎత్తు, ముందే వేసుకున్న ఒక లెక్క దొరికితే ఎంత బాగుండునో! ఏమీ దొరకలేదు. లేని ఆశని నేనే తయారుచేసి, నా నోటితో నేనే అక్క చేతిలో పెట్టాను.

"బావకి తెలుసా?"

"తెలీదు. ముందు నువ్వు ఊ అంటేనే." తర్వాత తొందరగా, "అన్నీ కాదే. కొన్ని. నాకు తెలీదు ఎన్ని కావాలో. నువ్వు కాదన్నా ఏమనుకోను. ఒట్టు" అంది.

కనుక్కుని చెప్తానన్నాను. అక్క తల ఊపి, బస్సు అందుకోవాలని వెళ్ళిపోయింది.

కనుక్కున్నాను. తేనెగొంతు పద్నాలుగు పేజీల్లో పదకొండోది తీసి చూపించింది. ఖర్చుల కింద ఒక వాక్యం ఉంది. ఈ సదుపాయం సభ్యురాలికి మాత్రమే వర్తిస్తుంది.

"అంటే ఇంకెవరికీ ఇవ్వకూడదా?"

"అది కాదండీ. కంపెనీ ఖర్చు పెట్టేది మీకు మాత్రమే అని. అండాలు మీవి. మీవి మీరెవరికిచ్చుకున్నా కంపెనీకి సంబంధం లేదు. వాళ్ళకయ్యే ఖర్చు వాళ్ళు పెట్టుకోవాలి, అంతే."

ఆస్పత్రికి కూడా ఫోను చేశాను. ఇద్దరూ కలిసి వస్తే డాక్టరమ్మ మాట్లాడి కాయితాలు రాయిస్తుందన్నారు. నాలుగు అక్కకి ఇస్తే నాకు ఎంత ఆశ మిగులుతుందని అడిగాను. "ఏడుకే గట్టిగా చెప్పలేమండీ" అన్నారు. మళ్ళీ తీయించుకోవాలంటే కంపెనీ ఇవ్వదు. నా జీతం సరిపోదు. రెండేళ్ళు ఆగితే నా ఒంట్లో ఏమీ మిగలకపోవచ్చు.

మూడు రోజులు ఆలోచించాను. అక్కకి ఇవ్వాలనే ఉంది, నిజం. నా బిడ్డని వదులుకోవాలని లేదు, అదీ నిజం. ఆ రెండు నిజాలూ అక్కతో చెప్పి ఉంటే సరిపోయేది. "ఇవ్వలేనక్కా, నాకూ ఇదొక్కటే దారి" అంటే అక్క ఏమీ అనేది కాదు. కానీ ఆ మాట అనేటప్పుడు అక్క ముఖం చూడాలి. అది నావల్ల కాదనిపించింది. నేను పిరికిదాన్ని. అందరినీ అనుమానించడానికి కావలసిన ధైర్యం వేరు, ఒక్కరికి కాదని చెప్పడానికి కావలసిన ధైర్యం వేరు. రెండోది నాకు లేదు.

ఆదివారం ఉదయం దుకాణానికి వెళ్ళాను. బావ అద్దాలు తేవడానికి బజారుకెళ్ళాడు. అక్క బల్లదీపం కింద తలవంచుకుని ఒక చిన్న ఫ్రేముకి మర బిగిస్తోంది. నన్ను చూడగానే చేతిలో పని ఆపి లేచి నిలబడింది. ఆ లేవడంలోనే ఎంత ఎదురుచూసిందో తెలిసింది.

"కంపెనీ ఒప్పుకోదటక్కా" అన్నాను.

అక్క చేతిలో ఫ్రేము పక్కన పెట్టింది.

"సభ్యురాలికి మాత్రమే అని రాశారు" అన్నాను. ఆ వాక్యం పదకొండో పేజీలో నిజంగానే ఉంది.

అక్క మెల్లగా మళ్ళీ కూర్చుంది. మరల డబ్బాలో వేలు పెట్టి ఊరికే కెలికింది. "పోనీలే" అంది కాసేపటికి. "వాళ్ళని మాత్రం ఏమంటాం. నీకైనా ఇచ్చారు, అదే పదివేలు. నేనే ఏదో పిచ్చిగా..." నవ్వబోయింది. తర్వాత ఒక్కసారి తలెత్తి, "కాయితం అంతా సరిగ్గా చూశావా? వేరే దారేమైనా రాసి ఉందేమో?" అని అడిగింది.

"మూడుసార్లు చదివాను."

ఆ మాటతో అక్క ముఖంలో చివరికి మిగిలిందేదో ఆరిపోయింది. తల ఊపి, పక్కన పెట్టిన ఫ్రేము చేతిలోకి తీసుకుంది.

"నువ్వు చదివావంటే ఇంక అనుమానమేముందే" అంది.

నేను అవునన్నాను.